ఏడో నంబరు ముక్క

నేను ఒక కన్నును. గుమ్మడి పిందె అంత ఉంటాను. ప్లాస్టరుతో, ప్లాస్టిక్‌తో చేసిన బడి కన్నును. నాకు చూపు లేదు. చూపు లేనిదానివి ఇదంతా ఎలా చూశావని మాత్రం అడక్కండి. గొడుగులూ నాణేలూ తమ కథ చెప్పుకుంటే తలలూపుతూ విన్నవాళ్ళే మీరంతా. నన్నూ కాసేపు అలాగే వినండి.

ఉత్తరాదిన ఎక్కడో, బడులకు సామాను చేసే ఒక షెడ్డులో పుట్టాను. నన్ను అచ్చులో పోసి, ఆరబెట్టి, రెండు చిప్పలుగా విడిపోయేట్టు చేసి, లోపల పెట్టాల్సినవన్నీ పెట్టారు. ముందువైపు గడియారపు అద్దంలా కాస్త ఉబ్బిన కార్నియా. దాని వెనక బిళ్ళలాంటి ఐరిస్, ఐరిస్ నడుమ ఉన్న రంధ్రమే కనుపాప. ఆ వెనక ఎర్రపప్పు గింజ ఆకారంలో కటకం, కటకం వెనక గాజులాంటి పెద్ద ముద్ద. చిప్ప లోపలి గోడకు రెటీనా. దాని మీద ఒక ముసలామె సన్నని కుంచె పట్టుకుని ఎర్రని రక్తనాళాలు ఓపిగ్గా గీసింది. వెనకాల పసుపుపచ్చని తోకలా దృక్‌నాడి. ఐరిస్‌కు మాత్రం ఆమె నీలిరంగు వేసింది. ఆమె ముందు పెట్టిన బొమ్మ ఏ దొరల పుస్తకంలోదో మరి. ఆ షెడ్డులో ఒక్కరికీ నీలికళ్ళు లేవు. తమ కన్ను ఏ రంగులో ఉందో చూసుకునే తీరిక కూడా వాళ్ళకు లేదు.

చివరికి నన్ను ఒక చెక్కపీట మీద నిలబెట్టి, పీట మీద ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు వేశారు. ప్రతి ముక్క మీదా దాని అంకె ఉంటుంది. ఇందులో ఒక్క తిరకాసు. పీట మీద ఏడు ఉంది గాని ఏడో ముక్క లేదు. ఉండదు కూడా. కార్నియాకూ కటకానికీ మధ్య మీ కళ్ళలో నీళ్ళుంటాయి. నేత్రోదకం అంటారు. నీళ్ళను అచ్చు పోయడం ఎవరి తరం? అందుకని అంకె వేసి, చోటు ఖాళీగా వదిలేసి, పెట్టెలో గడ్డి పరిచి నన్ను రైలెక్కించారు. నా కథంతా ఆ ఖాళీలోనే ఉంది.

పెట్టె తెరుచుకున్నది తెలంగాణలో, కట్టకిందిపల్లి ఉన్నత పాఠశాలలో. చెరువుకట్ట కింద వెలిసిన ఊరు కనుక దానికా పేరు. మూత తీసిన అటెండరు యాకూబ్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"యా అల్లా! గింత పెద్ద కన్ను ఎవలిది సార్?"

"మన బడిది. జర పైలంగ పట్టుకో యాకూబ్" అన్నాడు పురుషోత్తం సారు. సైన్సు చెప్పడానికి ఆ బడికి అప్పుడే వచ్చిన పడుచువాడు. రెండు చేతులతో నన్ను అందుకుని, పసిబిడ్డను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ రోజే పీట మీద అంకెల పక్కన తెలుగు పేర్లు తన గుండ్రని అక్షరాలతో రాశాడు. ఏడు పక్కన నేత్రోదకం అని కూడా రాశాడు. ఆ మాట గుర్తుంచుకోండి.

ఆయన పాఠం చెప్పే తీరే వేరు. పుస్తకం చదివించి, బొమ్మ గీయించి, నాలుగు మార్కులకు సరిపడా బట్టీ పట్టించి వదిలేసే రకం కాదు. ముందు నన్ను బల్ల మీద ముక్కలుగా విప్పేవాడు. పిల్లలు నీలి ఐరిస్ చూసి నవ్వితే తనూ నవ్వేవాడు. తర్వాత అందర్నీ వరండాలోకి తీసుకొచ్చి, వాళ్ళతోనే ఒక కన్ను కట్టేవాడు.

వెలుతురు అయిన పిల్లవాడు తాటిచెట్టు బొమ్మ ఉన్న చీటీ పట్టుకుని గేటు దగ్గర్నుంచి ఉరికొస్తాడు. ముందు నిలబడ్డ కార్నియా వాడి భుజం పట్టుకుని దారి వంచాలి. "గట్టిగ వంచు! వంచుడంతా ముందుగాల నీదే, కటకం మిగిలింది సవరిస్తది" అని సారు అరిచేవాడు. ఆ వెనక ఇద్దరు చేతులు కలిపి కట్టిన గుండ్రం ఐరిస్. సారు "ఎండ!" అంటే గుండ్రం ముడుచుకోవాలి, "నీడ!" అంటే విచ్చుకోవాలి. కటకం అయిన పిల్ల, సారు "పుస్తకం!" అంటే బుగ్గలు పూరించి లావెక్కాలి, "గుట్ట!" అంటే గాలి వదిలి పలచబడాలి. చివర నేల మీద వంపుగా కూర్చున్న పదిమందీ రెటీనా. నడుమ కూర్చున్నవాళ్ళు రంగులు, సన్న సన్న గీతలు పట్టేవాళ్ళు. అంచుల్లో కూర్చున్నవాళ్ళు చీకట్లో చూసేవాళ్ళు, పక్కల నుంచి వచ్చేది కనిపెట్టేవాళ్ళు. చీటీ వాళ్ళ చేతికి తలకిందులుగానే అందాలని సారు పట్టుబట్టేవాడు. అక్కడి నుంచి దృక్‌నాడి వరస దాన్ని చేతులు మార్చుకుంటూ మెట్ల మీద కూర్చున్న మెదడుకు చేరవేసేది. మెదడు చీటీని తిరగేసి "తాటిచెట్టు సార్!" అని కేకపెడితే బడంతా చప్పట్లు.

"చూసిన్రా? కన్ను ఒక్కటే చూడదు, మెదడు ఒక్కటే చూడదు. ఈ వరసల ఒక్కడు తప్పుకున్నా తాటిచెట్టు లేదు" అనేవాడు సారు.

ఆ వరసలో నీళ్ళకు మాత్రం ఎవర్నీ నిలబెట్టలేదు. మొదట్లో ఒక ముక్క నోటితో చెప్పేవాడు, ఇక్కడ నీళ్ళుంటాయని, రక్తం పారని కార్నియాకూ కటకానికీ అవే తిండి పెడతాయని. తర్వాత్తర్వాత ఆ ముక్క కూడా పోయింది. దానికి కారణం సామాను లెక్క.

బడి సామాను లెక్క చూడటానికి ఏటా ఎవరో ఒక అధికారి వచ్చేవాడు. ఆయనకు కన్నుతో పని లేదు, అంకెలతోనే పని.

"ఏడో నంబరు ముక్క ఏదయ్యా?"

"అవి నీళ్ళు సార్."

"నీళ్ళా? కారిపోయినయా?"

"మొదట్నించి లేవు సార్. నీళ్ళను ముక్క చెయ్యరాదు."

"మొదట్నించి లేనిదానికి నంబరెందుకుంటది? పిల్లలు పోగొట్టిన్రని చెప్పరాదు!"

ఈ తగువు ఏటా ఉన్నదే. మనిషి మారినా ప్రశ్న మారేది కాదు. ఒక ఏడాది సంజాయిషీ రాయమన్నారు. సారు కోపంగా రెండు పేజీలు రాశాడు. అది అర్థం కాలేదని, మళ్ళీ రాయమని కాగితం వచ్చింది. ఆ సాయంత్రం ఆయన తిన్నగా నా దగ్గరికి వచ్చి, జేబులోంచి బ్లేడు తీసి, పీట మీది ఏడునూ దాని పక్కన తాను రాసిన మాటనూ వార్నిషుతో సహా గీకేశాడు. "పీడ పోయింది" అన్నాడు. మరుసటి ఏడాది వచ్చినాయన ఒకటి నుంచి ఆరు దాకా లెక్కపెట్టి, ఆ తర్వాత ఎనిమిది అని వేలు పెట్టి, "అన్నీ ఉన్నయ్" అని సంతకం చేసి, టీ తాగి వెళ్ళిపోయాడు.

మనుషులతో ఇదే చిక్కు. పేరుండి వస్తువు లేకపోతే ఎగిరిపడతారు. వస్తువుండీ పేరు లేకపోతే ఎవరికీ పట్టదు.

పీట మీద పోయిన నీళ్ళు పాఠంలోంచీ పోయాయి. పిల్లలు కూడా ఆరు తర్వాత ఎనిమిదే అని నేర్చుకున్నారు.

అలాంటి రోజుల్లో ఒకసారి వరండాలో కన్ను కడుతుంటే కార్నియాగా రాజమణి నిలబడింది. నీరటి కొమురయ్య కూతురు. నీరటి అంటే చెరువు తూము తెరిచి మూసి, ఏ మడికి ఎన్ని నీళ్ళో చూసే మనిషి. పిల్ల ఎప్పుడూ వెనక బెంచీలో నోరు విప్పకుండా కూర్చునేది. ఆ రోజు మాత్రం తనకూ ఐరిస్‌కూ మధ్య ఉన్న ఖాళీ వంక చూసి చెయ్యెత్తింది.

"ఈడ ఏముంటది సార్?"

"నీళ్ళు బిడ్డా."

"యాడికెళ్ళి వస్తయ్ సార్?"

"లోపల్నే పుడ్తయ్."

"పుట్టినయ్ పుట్టినట్టే ఉంటయా? ఎటన్న పోతయా?"

"పోతయ్."

"పోకపోతే ఎట్ల సార్?"

పిల్లలు కిసుక్కున నవ్వారు. "నీరటోల్ల పిల్లకు నీళ్ళ రంధే!" అన్నాడెవడో. సారుకూ నవ్వొచ్చింది. గంట కొట్టే వేళవుతోంది, తాటిచెట్టు ఇంకా మెదడుకు చేరనే లేదు.

"అది పరీక్షల రాదు బిడ్డా. నీ పని నువ్వు చూడు, వెలుతురు వస్తున్నది."

"కాదు సార్, మా నాయినకు..."

"వెలుతురు వస్తున్నదన్ననా లేదా?"

రాజమణి మాట మింగేసింది. ఉరికొచ్చిన పిల్లవాడి భుజం పట్టుకుని దారి వంచింది. తాటిచెట్టు మెదడుకు చేరింది, అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కొట్టలేదు. ఆ ఏడాది పదో తరగతి తప్పి బడి మానేసింది. ఆ తర్వాత ఆమెను ఎవరూ తలుచుకోలేదు, నేను తప్ప. నా ఖాళీ గురించి అడిగిన పిల్ల ఆమె ఒక్కతే.

ఏళ్ళు గడిచాయి. పురుషోత్తం సారు మీసం నెరిసింది, నా ఐరిస్ నీలం వెలిసింది. అదే బడిలో తెలుగు చెప్పే సుగుణమ్మ ఆయన భార్య. మధ్యాహ్నం ఇద్దరూ నా గదిలోనే టిఫిన్ డబ్బాలు విప్పుకునేవాళ్ళు. ఒకరోజు ఆమె అన్నం కలపడం ఆపి అంది:

"నిన్న దర్వాజకు భుజం గుద్దుకున్నరు. మొన్న నేను పక్కకొచ్చి నిలవడితే దయ్యాన్ని చూసినట్టు ఉలిక్కిపడ్డరు. ఒకపారి కండ్ల దవాఖానకు పోదాం."

"కన్ను గురించి నాకు చెప్తున్నవా సుగుణా?" సారు పకపకా నవ్వాడు. ఎదుటి గోడకున్న క్యాలెండరు వైపు చెయ్యి చాపాడు. "సదవన్నా? ఏకాదశి, శతభిషం. కింద సన్నక్షరాలల్ల అచ్చేసినోని పేరు గూడ సదువుత."

చదివాడు కూడా. తడుముకోకుండా, అద్దాలు తుడుచుకోకుండా. ఆమె ఆయన డబ్బాలో పచ్చడి కొంచెం వేసింది.

పక్కచూపు పోవడంలో ఒక మాయ ఉంది. నల్లటి తెర పడదు, నొప్పి ఉండదు. రెటీనా అంచున కూర్చున్న పిల్లలు ఒక్కొక్కరే లేచి ఇళ్ళకు పోతుంటారు. నడుమ కూర్చున్నవాళ్ళు మాత్రం ఎప్పటిలా తాటిచెట్టును అందిస్తూనే ఉంటారు. మెదడు గడుసుది. ఖాళీ అయిన చోట తనకు తోచింది పూడ్చుకుని, అంతా కనిపిస్తోందనే చెబుతుంది. అందుకే ఆయన క్యాలెండరు చదవగలిగాడు, పక్కనే నిలబడ్డ భార్యను చూడలేకపోయాడు. వోల్టేజీ తక్కువైందని కరెంటోళ్ళను తిట్టాడు. ఎడమవైపు వరసలో పిల్లలు దొంగచాటుగా వచ్చి మీద పడుతున్నారని గదమాయించాడు. అద్దాలు రెండుసార్లు మార్చాడు. అద్దాలదేం తప్పు?

సుగుణమ్మ మాట ఆయన లోపల ఎక్కడో నాటుకున్నట్టే ఉంది. ఒక మధ్యాహ్నం తలుపు దగ్గరికి వేసి, చిన్న అద్దమూ టార్చీ పట్టుకుని నా ముందు కూర్చున్నాడు. నన్ను విప్పి, ఒక్కో ముక్కనూ చేతిలోకి తీసుకుంటూ తన కన్నును తానే పరీక్ష చేసుకున్నాడు. అద్దంలో కార్నియా చూసుకున్నాడు: పువ్వు లేదు, మచ్చ లేదు. టార్చీ వేసుకున్నాడు: కనుపాప ముడుచుకుంటోంది. కటకం తెల్లబడలేదు, అంటే శుక్లం కాదు. క్యాలెండరు చదువుతున్నాను కనుక రెటీనాకు లోటు లేదనుకున్నాడు. చదివింది మెదడుకు చేరుతోంది కనుక దృక్‌నాడికీ లోటు లేదనుకున్నాడు. చూపుడువేలు పీట మీద ఒక్కో అంకె దాటుకుంటూ వచ్చింది. ఆరు దగ్గర ఆగింది. పక్కన గీకిన చోట గరుకుగా తగిలింది. నాకు గుండె లేదు గాని, ఉంటే ఆగిపోయేది. ఇక్కడే, ఇక్కడే అని నేను ఎంత మొత్తుకున్నా ఏం లాభం? నోరు పెట్టి చేయలేదు కదా నన్ను. వేలు ఆ గరుకును దాటి ఎనిమిది మీదికి వెళ్ళింది.

"అన్నీ ఉన్నయ్" అన్నాడు. ఆ అధికారి అన్న మాటే. గొంతులో అదే నిమ్మళం.

ఆ రోజు ఆయన పట్నం బస్సెక్కి ఉంటే చూపు చాలా మిగిలేది. ఎక్కలేదు. ఇంకో రెండేళ్ళు ఆ నిమ్మళంతోనే గడిపాడు.

నేను కింద పడిన రోజు సంగతి చెప్తాను. నన్ను బల్ల ఎడమ కొసన పెట్టుకుని ఆయన నల్లబల్ల మీద బొమ్మ గీస్తున్నాడు. గిరుక్కున తిరిగేసరికి మోచెయ్యి తగిలి దభీమని నేల మీద పడ్డాను. చిప్ప పెచ్చు లేచింది, కార్నియా పగిలింది, కటకం దొర్లుకుంటూ బెంచీల కిందికి పోయింది. సారు ముఖం ఎర్రబడింది. బల్ల దగ్గరున్న వెంకటి అనే పిల్లవాడి చెంప పేలిపోయింది.

"ఎందుకు జరిపినవ్ అంచుకు?"

"నేను ముట్టలే సార్" వాడు చెంప పట్టుకుని వెక్కుతూ అన్నాడు. "మీ చెయ్యే తాకింది. మేమంత సారు, సారు అని ఒర్రినం. మీరు ఇటు చూడలే."

ఆయన చేతిలో సుద్దముక్క అలాగే ఉంది. పిల్లలందరూ చూసింది తనొక్కడికే కనిపించలేదన్న సంగతి అప్పుడు దిగింది ఆయన లోపలికి. ఇన్నేళ్ళలో ఆయన ఒక పిల్లవాడి మీద చెయ్యి చేసుకోవడం అదే మొదలు. వెంకటి తల మీద చెయ్యి వేయబోయాడు, వాడు తప్పుకున్నాడు. మర్నాడు సుగుణమ్మ సెలవు పెట్టి ఆయనను పట్నం తీసుకుపోయింది.

తిరిగొచ్చాక తిన్నగా నా గదికే వచ్చాడు. యాకూబ్ నా పెచ్చులు జిగురుతో అతికిస్తున్నాడు.

"ఏమన్నరు సార్ డాక్టరు?"

"నీటికాసులు అన్నడు. కంట్ల నీళ్ళు పోయే దారి పూడిందట. వచ్చే నీళ్ళు వస్తనే ఉన్నయ్, పోయేటివి పోతలెవ్వు. ఆ ఒత్తుడుకు ఎనకున్న నరం ఎండిపోయింది."

"మందులేస్తే చూపు మల్ల వస్తది గద?"

"పోయింది రాదు యాకూబ్. ఉన్నదాన్ని కాపాడుకోవాలె. ఉన్నది గూడ ఎంత? గొట్టంల నుంచి చూసినట్టున్నది." అడగకపోయినా ఇదీ చెప్పాడు. "రెండేండ్ల కింద వచ్చినా ఆగుతుండె అన్నడు."

ఆయన చెయ్యి పీట మీదికి వచ్చింది. గీకిన చోట వేలు ఆగింది. ఈసారి దాటిపోలేదు. బొటనవేలితో ఆ గరుకును రుద్దుతూ, చీకటి పడుతున్నా లేవకుండా కూర్చున్నాడు. యాకూబ్ జిగురు డబ్బా మూసి చల్లగా బయటికి వెళ్ళిపోయాడు.

చుక్కల మందు వేసుకుంటూ ఆయన ఇంకొంత కాలం లాగాడు. ఆ గొట్టమూ సన్నబడింది. నల్లబల్ల మీద రాసింది వంకర పోతుంటే పిల్లలు నవ్వలేదు. అది ఆయనకు నవ్వినదానికన్నా ఎక్కువ నొప్పి. ఉద్యోగం చాలించుకుంటానని కాగితం పెట్టాడు. చివరి రోజున సన్మానం వద్దన్నాడు, కన్ను పాఠం చెబుతానన్నాడు. పొద్దున్నే యాకూబ్‌ను పిలిచి, "నీరటి కొమురయ్య బిడ్డ రాజమణి ఊళ్ళెనే ఉన్నదంటివి గదా? ఒక్కపారి రమ్మన్నరని చెప్పు" అన్నాడు.

ఆమె తూము దగ్గర్నుంచి అలాగే వచ్చింది. తండ్రి పని ఇప్పుడు ఆమే చూస్తోందట. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, పాదాలకు బురదతో గుమ్మంలోనే ఆగిపోయింది. సారు గొంతు వైపు చెవి పెట్టి, తనకు అలవాటైన వెనక బెంచీకే వెళ్ళి కూర్చుంది.

సారు ఆ రోజు తరగతి గదిలోనే పిల్లలతో కన్ను కట్టాడు. ఎవరెక్కడ నిలబడ్డారో భుజాలు తడిమి తెలుసుకున్నాడు. కార్నియా, ఐరిస్, కటకం, రెటీనా, నాడి, మెదడు. అన్నీ అయ్యాక ఇంకో ఇద్దరిని పిలిచాడు. "మీరు నీళ్ళు" అన్నాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ ఖాళీలో ఎవరో నిలబడ్డారు.

"రాజమణీ, వచ్చినవా బిడ్డా?"

"వచ్చిన సార్."

"నన్నొక మాట అడిగినవ్. యాదున్నదా?"

"ఉన్నది సార్."

"ఆ నీళ్ళు ఐరిస్ ఎనక పుడ్తయ్. కనుపాపల నుంచి ముందటికొస్తయ్. కార్నియాను, కటకాన్ని సాకుతయ్, కన్ను గుండ్రంగ నిలవడేటట్టు చూస్తయ్. ఐరిస్, కార్నియా కలిసే మూలకు జల్లెడ లెక్క సన్నదారి ఉంటది, అండ్లకెళ్ళి బయటికి పోతయ్. వచ్చినన్ని పోవాలె. పోకపోతే ఎట్ల అని అడిగినవ్." ఆయన రెండు చేతులూ చాపి తన ముఖం చూపించాడు. "పోకపోతే గిట్ల."

చీటీ పట్టుకుని గుమ్మం దగ్గరున్న వెలుతురు ఉరకడం మరిచిపోయాడు.

రాజమణి లేచి నిలబడింది. చెప్పాలా వద్దా అన్నట్టు కొంగు కొస మెలిపెట్టింది.

"సార్, ఆ దినం నేను ఉత్తగ అడగలే. మా నాయిన కోసం అడిగిన. రాత్రి లాంతరు చూస్తే దాని చుట్టు సింగిడి లెక్క ఏడు రంగులు కనవడ్తున్నయన్నడు. తలకాయ పలుగుతున్నదన్నడు. కన్ను ముట్టి చూస్తే రాయి లెక్క గట్టిగుండె. మీరు కన్ను సారు గదా, మీకు ఎరికుంటదని అడిగిన."

"ఇప్పుడెట్లున్నడు?"

"రెండు కండ్లు పోయినయ్ సార్. ఆ యేడే. ఇంట్లనే కూసుంటడు. తూము కాడ నీళ్ళ సప్పుడు ఇనిపియ్యమంటే అప్పుడప్పుడు పట్టుకపోత."

సారు బల్ల కొసను తడుముకుని పట్టుకున్నాడు. ఆయన నోరు తెరిచే లోపలే ఆమె మళ్ళీ అంది. గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. ఆయన్ను ఊరడించాలనే అంది.

"మీరు రంధి పెట్టుకోకున్రి సార్. మీకు ఎరికుంటే చెప్పకపోదురా?"

"ఎరికే బిడ్డా" అన్నాడు ఆయన. "లాంతరు చుట్టు సింగిడి కనవడితే ఏందో నాకు అప్పుడే ఎరికె. నేను కాలేజిల సదివిందే. పరీక్షల రాదని పక్కకు పెట్టిన."

రాజమణి మెలిపెట్టిన కొంగును వదిలి నడుముకు దోపుకుంది. తర్వాత "నీళ్ళిడిసే యాళ్ళయింది సార్, పోతున్న" అని వెళ్ళిపోయింది. వరండాలో ఆమె బురద అడుగులు గంట కొట్టేదాకా ఆరలేదు.

ఇప్పుడు నేను మెట్ల కింద గదిలో, కాళ్ళు విరిగిన బెంచీల మధ్య ఉన్నాను. తరగతిలో పెద్ద తెర పెట్టారు. దాని మీద కన్ను దానంతటదే విప్పుకుని, దానంతటదే మూసుకుంటుందట. అందులో నీళ్ళు కూడా కదులుతాయని యాకూబ్ చెప్పుకుంటుంటే విన్నాను. సంతోషమే. నా ఖాళీలో మాత్రం సాలీడు గూడు కట్టుకుంది. పీట మీద గీకిన చోట ఏడు అంకె మళ్ళీ ఎవరూ వేయలేదు.

పురుషోత్తం సారు మంచివాడు. ఈ మాట నేను ఎన్నిసార్లయినా చెబుతాను. ఆయనలా కన్ను చెప్పినవాడు ఆ చుట్టుపక్కల లేడు. కాని ఆయన కన్నును నేర్పింది నన్ను పెట్టుకుని, నాలో లేనిది ఆయన పాఠంలోనూ లేకుండా పోయింది. ఆ రోజు వరండాలో "మా నాయినకు" అన్న మాట ఒకటి సగంలో ఆగింది. అది పూర్తయ్యేసరికి నాలుగు కళ్ళు ఆరిపోయాయి. నాకు నోరు లేదు, సరే. అంతమంది నోళ్ళున్న చోట ఆ ఒక్క పిల్ల మాటను చివరిదాకా ఎవరు విన్నారు? తలుచుకుంటే ఏడుపొస్తుంది. కాని నన్ను చేసినవాళ్ళు నాలో నీళ్ళు పెట్టలేదు.